ఆపా క్యారమ్ బోర్డు సఫర్

విమాన కంపెనీలన్నీ ఆటసామాన్ల జాబితా ఒకటి పెట్టుకుంటాయి. ఏది లగేజీ కింద తీసుకుంటారు, ఎంత పొడవు దాకా తీసుకుంటారు, దేనికి విడిగా పైసలు కట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. గోల్ఫ్ కర్రల సంచి ఉంది. మంచు మీద జారే స్కీలున్నాయి. సైకిలుంది. సముద్రపు అలల మీద నిలబడి జారే సర్ఫ్‌బోర్డు ఉంది, దానికైతే పొడవు కొలిచి మరీ నియమాలు రాశారు. నాలుగు కంపెనీల జాబితాలు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. క్యారమ్ బోర్డు ఎక్కడా లేదు.

ఉండదని తెలిసే చదివాను. రంజాన్ రాత్రుళ్ళు తరావీహ్ అయ్యాక గల్లీ మధ్యలో స్టూలేసి, దాని మీద బోర్డు పెట్టి, పైనుంచి బల్బు వేలాడదీసి సహ్రీ దాకా ఆడే రివాజు ఆ జాబితాలు రాసేవాళ్ళ మొహల్లాల్లో లేదు కదా.

మా ఆపా ఈ ఏప్రిల్‌లో షికాగో వెళ్ళింది, కొడుకు దగ్గరికి. దూల్హాభాయ్ ఇంతెకాల్ అయ్యాక ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు పూర్తి కాగానే భాంజా టికెట్ పంపాడు. ఏమేం సామాన్లు కట్టాలో చెప్పు ఆపా, రాసుకుంటా అంటే, ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట క్యారమ్ బోర్డు. మామిడికాయ తొక్కు కాదు, చీరెలు కాదు, రోజూ వాడే జానమాజ్ కూడా కాదు.

"ఇక్కడ డెవాన్ అవెన్యూకి పోతే మన సామాన్లు అన్నీ దొరుకుతాయి అమ్మీ, బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పిస్తా" అని భాంజా ఫోన్లో బతిమాలాడు.

"వహా మిల్తా సో బోర్డ్ తుమారే అబ్బా కా హై క్యా?" అని ఈమె ఒక్కటే మాట అని, ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇక మసలా నాది. ఇంట్లో ఒక జర్నలిస్టు ఉంటే రేషన్ కార్డు దరఖాస్తు నుంచి విమానం నియమాల దాకా అన్నీ వాడి నెత్తి మీదికే వస్తాయి.

ఆ బోర్డుకి ఇది రెండో పెద్ద సఫర్. మొదటిది 1988లో, హైదరాబాద్ నుమాయిష్ నుంచి హనుమకొండకి. అప్పటికి ఆపా షాదీ అయి ఏడాది, నాకు ఏడేళ్ళు. దూల్హాభాయ్ నాంపల్లిలో కొని, గౌలిగూడలో బస్సెక్కి, లోపల జాగా లేక టాపు మీద కట్టించాడు. బస్సు భువనగిరిలో ఆగితే ఒకసారి, జనగామలో ఆగితే ఒకసారి వెనక నిచ్చెనెక్కి చూసొచ్చాడట. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామంటే, ఆ బస్సులో నేనూ ఉన్నానేమో అనిపిస్తుంది.

బోర్డు మగవాళ్ళ బైఠక్‌లో ఉండేది కాదు. పిల్లలు పడుకున్నాక లోపలి గదిలో వాళ్ళిద్దరే ఆడేవాళ్ళు. ఆపా స్ట్రైకరు కొట్టిందంటే క్వీనూ కవరూ ఒకే దెబ్బకి పాకెట్లో పడేవి. దూల్హాభాయ్ సర్కారీ గుమాస్తా, లెక్క రాయనిదే నిద్రపట్టదు. బోర్డు తిరగేసి, వెనక ప్లైవుడ్ మీద పెన్సిల్‌తో ఉర్దూలో రాసేవాడు: తారీఖు, "బేగం" అని ఒక అంకె, "బందా" అని ఒక అంకె. ముప్పై ఆరేళ్ళ లెక్క. బేగం పక్కన అంకెలే ఎప్పుడూ పెద్దవి. కొన్ని తారీఖుల దగ్గర అంకెలు లేవు, "నారాజ్" అని మాత్రం ఉంది. కొత్త బోర్డు కొనిస్తానని ఆపాతో ఎవరైనా ఎలా అనగలరు?

సరే, ఇక కొలతలు. పోటీల్లో వాడే బోర్డు ఆడే భాగం 74 సెంటీమీటర్ల చదరం. దాని చుట్టూ మూడంగుళాల ఫ్రేము. మా బోర్డు బయటి అంచు నుంచి అంచుకి 89 సెంటీమీటర్లు వచ్చింది, మందం 5. విమానంలో చెక్-ఇన్ సామానుకి మామూలుగా పెట్టే హద్దు, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కూడితే 158 సెంటీమీటర్లు, పాత లెక్కలో 62 అంగుళాలు. మాది కూడితే 183. పైన చుట్టేవి చుట్టితే 200 దాటుతుంది. బరువు మాత్రం హద్దులోనే ఉంది. కిరాణా దుకాణం కాంటా మీద పెడితే 13 కిలోలు. అమెరికా టికెట్టు మీద ఒక్కో సామానుకి 23 కిలోలు ఇచ్చారు. అంటే మా బోర్డు బరువెక్కువ కాదు, సైజెక్కువ. ఈ రెండూ వేర్వేరు తప్పులు, వేర్వేరు జుర్మానాలు అని అప్పుడే తెలిసింది.

ఫ్రేము ఊడదీసి రెండు ముక్కలుగా పంపితే ఎలా ఉంటుందని మా చిన్న తమ్ముడి ఆలోచన. వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్తే ఆయన బోర్డుని వేళ్ళతో తట్టి చూసి, మరలు కదిపితే లెవెల్ పోతది సార్, మళ్ళా బిగించినా స్ట్రైకరు తిరిగొచ్చే తీరు మారుతది, నేను ముట్ట అన్నాడు. తన పని కాదని పైసలు వదులుకున్న మనిషి, ఆయన మాట నమ్మాను. చెక్క పెట్టె చేసిస్తానన్నాడు. దానికి నేనే వద్దన్నాను. దేశం దాటే చెక్క పెట్టెల మీద ఐఎస్‌పీఎం 15 అని ఒక అంతర్జాతీయ నియమం ఉంది. పచ్చి చెక్కలో పురుగులుంటాయని, దాన్ని నడిమి దాకా 56 డిగ్రీల వేడికి తెచ్చి అరగంట ఉంచి, ముద్ర వేయాలి. ప్లైవుడ్‌కి ఆ బాధ లేదు, అది తయారయ్యేటప్పుడే వేడికి కాలి వస్తుంది. మన మామిడి చెక్క పెట్టెకి ఆ ముద్ర ఎవరు వేస్తారు? పైగా పెట్టె ఒక్కటే పది కిలోలు తూగుతుంది.

ఇక మొహల్లాలో సలహాలు మొదలయ్యాయి. మన దగ్గర విమానం సామాను కట్టడంలో ఉస్తాదులు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ కార్టన్ కట్టుడు చూడాలి: నైలాన్ తాడు అడ్డం నిలువు, ప్రతి కూడలి దగ్గర ముడి, పైన మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నెంబరు. కంబళి మూటలు ఇంత గుండ్రంగా, పుచ్చకాయల్లా. 2017 మార్చి నుంచి దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఆ గుండ్రటి మూటలు తీసుకోవడం మానేశారు. సామానుకి ఒక వైపైనా చదునుగా ఉండాలన్నారు. దానికీ సబబుంది. అక్కడ సామాన్లు మోసేది మనుషులు కాదు, మైళ్ళ కొద్దీ బెల్టులు. గుండ్రటిది దొర్లి మలుపు దగ్గర ఇరుక్కుంటే వెనకాల వచ్చేవన్నీ ఆగిపోతాయి. తాడు ముడి బెల్టు సందులో చిక్కినా అంతే.

మా ఫుప్పూ కొడుకు రియాద్‌లో పద్దెనిమిదేళ్ళు చేసి వచ్చాడు. ఆయనకి టీవీల జమానా గుర్తొచ్చింది. పల్చటి టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఛుట్టీకి వచ్చే ప్రతివాడి చేతిలో ఒకటి ఉండేది. 2013 ఆగస్టు 26 నుంచి వాటి మీద 36.05 శాతం సుంకం పడింది, దాంతో ఆ సందడి తగ్గింది. "టీవీని పడుకోబెడితే పగుల్తది, నిలబెడితే బతుకుతది. దాన్ని నిలబెట్టే మనిషి విమానం లోపల దొరకాలి, అదీ సంగతి" అన్నాడు. అట్ట మీద పైకి బాణం గుర్తులు గీసినా లాభం లేదని ఆయన తజ్రుబా. గీసినవన్నీ పక్కకి తిరిగే వచ్చాయట.

జమ్‌జమ్ సంగతి అందరికీ తెలిసిందే. సూట్‌కేసులో పెట్టొద్దు, ఎయిర్‌పోర్టులో అమ్మే సీలు వేసిన 5 లీటర్ల డబ్బా అట్టపెట్టెతో సహా విడిగా ఇవ్వాలి. 2019 జూలైలో ఎయిర్ ఇండియా జెద్దా నుంచి హైదరాబాద్, కొచ్చి వచ్చే విమానాల్లో జమ్‌జమ్ డబ్బాలు తీసుకోమని ఒక నోటీసు పెట్టింది. విమానాలు మారాయి, జాగా సరిపోదు అన్నది కారణం. హాజీలు గగ్గోలు పెట్టారు, కొద్ది రోజుల్లోనే మాఫీ చెప్పి నోటీసు వెనక్కి తీసుకుంది. ఆ రోజుల్లో నేను డెస్కులో ఉన్నాను. ఒక సామాను జాబితాలో ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో అప్పుడు చూశాను. జమ్‌జమ్ కోసం గొంతెత్తడానికి లక్షల మంది ఉన్నారు. క్యారమ్ బోర్డుకి మా ఆపా ఒక్కతే ఉంది.

అయితే గల్ఫ్ ఉస్తాదుల ఇల్మ్ అంతా మూటలకీ పెట్టెలకీ సంబంధించింది. నాకు కావలసింది పల్చగా, వెడల్పుగా, అంచులు సున్నితంగా ఉండే పలక ఒకటి. అలాంటి వస్తువుని ఏడాది పొడుగునా విమానాల్లో తిప్పేవాళ్ళెవరని ఆలోచిస్తే మళ్ళీ ఆ జాబితాలోని సర్ఫ్‌బోర్డే గుర్తొచ్చింది. కొన్నాళ్ళ కింద పనిమీద విశాఖ వెళ్ళినప్పుడు రుషికొండ బీచ్‌లో సర్ఫింగ్ నేర్పే కుర్రాడొకరి నెంబరు రాసుకున్నాను. ఫోన్ చేశాను.

"విమానంలో బోర్డు పంపాలి, ఎలా కట్టాలో చెప్తావా?"

"చెప్తానండి. ఎన్నడుగుల బోర్డండి?"

"మూడడుగులు."

"మూడా? చిన్నపిల్లలదాండి?"

"కాదు. మూడు ఇంటూ మూడు. నాలుగు మూలలా నాలుగు చిల్లులుంటాయి."

కాసేపు అవతల అలల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అతను నవ్విన నవ్వుకి నాకూ నవ్వాగలేదు. కానీ ఆ పిల్లవాడు ఎంత శ్రద్ధగా చెప్పాడంటే, ఫోను పెట్టేసరికి నా నోట్‌బుక్‌లో రెండు పేజీలు నిండాయి.

సర్ఫ్‌బోర్డు లోపల తేలికపాటి ఫోము, పైన గాజునార గుడ్డ, దాని మీద రెసిన్ పూత. చూడ్డానికి గట్టిగా ఉంటుంది, ఒక్క దెబ్బ తగిలితే పెంకు పగిలినట్టు పగులుతుంది. ఆ పగులు చూసుకోకుండా నీళ్ళలోకి దిగితే ఫోము నీళ్ళు తాగి బోర్డు పాడైపోతుంది. దెబ్బ ఎప్పుడూ ముక్కుకీ తోకకీ పక్క అంచులకీ తగులుతుంది, నడిమికి తగిలేది తక్కువ. ఎందుకంటే సామాను చేయి జారితే మూల మీదే పడుతుంది. అందుకని సర్ఫర్లు అంచుల చుట్టూ స్పాంజి గొట్టాన్ని పొడవునా చీరి తొడుగుతారు. అడుగున ఉండే రెక్కలు ఊడదీసి విడిగా చుట్టిపెడతారు. సంచిలో ఖాళీ ఉంచకుండా తువ్వాళ్ళు, బట్టలు కూరతారు. బోర్డు లోపల కదిలిందంటే బయటి దెబ్బ రెండింతలవుతుందట. ఎండలో నిలిపిన కార్లో మాత్రం వదిలిపెట్టరు, వేడికి లోపలి ఫోము నుంచి పై పొర లేస్తుంది.

ఇంకో మాట చెప్పాడు. జాబితాలో ఉంది కదా అని భరోసా పెట్టుకోవద్దు, ఏ సైజు విమానమో కనుక్కోవాలి. పెద్ద విమానం పొట్టలో తొమ్మిదడుగుల బోర్డు హాయిగా పడుకుంటుంది, చిన్న విమానం తలుపులోంచి అదే బోర్డు తిరగదు. మాది హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి ఒక విమానం, అక్కడి నుంచి షికాగోకి ఇంకొకటి. రెండు విమానాలంటే ఎక్కించుడు రెండుసార్లు, దించుడు రెండుసార్లు. నాలుగుసార్లు ఎవరో ఒకరి చేతుల్లో ఉంటుందన్నమాట.

ఏసీ మెకానిక్ దగ్గర రాగి గొట్టాలకి తొడిగే నల్ల స్పాంజి గొట్టం దొరికింది. నాలుగు మీటర్లు తెచ్చి చీరి, ఫ్రేము చుట్టూ తొడిగాను. కొలిచి కుట్టించినట్టు కూర్చుంది. నాలుగు మూలలకీ ఫ్రిజ్ పెట్టెలోంచి తీసిన థర్మకోల్ ముక్కలు కోసి టోపీల్లా పెట్టాను. పాకెట్ల జాలీల్లో భాంజా పిల్లల కోసం కొన్న కొత్త సాక్సులు కూరాం.

ఇక నడుము. సర్ఫ్‌బోర్డుకి అంచులే బలహీనం కావచ్చు, క్యారమ్ బోర్డుకి నడుము కూడా బలహీనమే. అంచున ఫ్రేము ఎత్తుగా ఉంటుంది, నడిమి ప్లైవుడ్ పల్లంగా ఉంటుంది. పైన ముప్పై కిలోల సూట్‌కేసు ఏదో మూల మోపి కూర్చుందంటే ప్లైవుడ్ కుంగుతుంది. ఒకసారి కుంగితే కాయిన్లన్నీ నడిమికే దొర్లుతాయి. ఆ పల్లాన్ని నింపి ఫ్రేముతో సమానం చేస్తే బరువు అంతటా పంచుకుంటుంది. దేనితో నింపాలి? ఆపా దగ్గరే జవాబుంది. కొడుక్కి కానుకగా కొత్తవాడ షత్రంజీ కొనిపెట్టుకుంది. వరంగల్ షత్రంజీ అంటే నూలుతో గట్టిగా నేసిన దుర్రీ, 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మడతపెట్టి పల్లంలో పరిస్తే ఫ్రేముకి సరిగ్గా సమానమైంది. కానుకకి కానుక, పరుపుకి పరుపు. దాని మీద మూడు పొరల అట్ట, ఇటువైపు కూడా మూడు పొరలు. పైన రెండు లగేజీ బెల్టులు. తాళం లేదు, మేకు లేదు. తనిఖీలో విప్పి చూడాలంటే విప్పగలగాలి, విప్పినవాళ్ళు మళ్ళీ కట్టగలగాలి. లేకపోతే కోసేస్తారు. మొత్తం 19 కిలోలైంది.

పేకింగ్‌లో బోర్డు వెనకవైపుకి వచ్చేసరికి భాంజా ఫోన్ వచ్చింది. ఆపా జుహర్ నమాజ్‌లో ఉంది. వాడు గొంతు తగ్గించి, "మామూ, వెనక ఉర్దూలో రాసింది ఉంది కదా, దాన్ని శాండ్‌పేపర్‌తో తుడిచేయొచ్చా? ఎవరైనా విప్పి చూస్తే... అమ్మీ ఒక్కతే ఉంటుంది" అన్నాడు.

వాడిని తప్పుపట్టలేను. ఆ దేశంలో ఉంటున్నవాడు వాడు. పాస్‌పోర్టులో ఆ పేరు, తల మీద దుపట్టా, అట్టపెట్టెలో అలీఫ్ బే అక్షరాలతో నిండిన పలక, దాంతోపాటు తెల్లపొడి. అవును, తెల్లపొడి కూడా. ఆపా బోరిక్ పౌడర్ డబ్బా హ్యాండ్‌బ్యాగులో సర్దుకుని కూర్చుంది. అమెరికా వెళ్ళే విమానాల్లో 2018 జూన్ 30 నుంచి 350 మిల్లీలీటర్లకి మించిన పొడి ఏదైనా చేతి సంచిలో ఉంటే విడిగా పరీక్షిస్తారు, తేల్చుకోలేకపోతే తీసేస్తారు. మన డబ్బా అంత పెద్దది కాదు. అయినా మిగతావాళ్ళకి అది కొలత ప్రశ్న, మనకి పొడి కథ మొత్తం చెప్పుకోవలసిన ప్రశ్న. ఇంగ్లిష్ రాని యాభై ఎనిమిదేళ్ళ మనిషి క్యారమ్ ఆటని ఏ భాషలో వివరిస్తుంది? పౌడర్ తీసి అల్మారాలో పెట్టాను. ఆపా గొణిగింది గానీ జిద్ చేయలేదు.

శాండ్‌పేపర్ మాత్రం కుదరదని వాడితో చెప్పాను. పెన్సిల్ గీతలు రాపిడికి చెరిగిపోకుండా వాటి మీద బటర్‌పేపర్ పరిచి, పైన దూల్హాభాయ్ పాత మల్‌మల్ కుర్తా చింపిన గుడ్డ కప్పాను. గమ్‌టేపు ఎక్కడా ప్లైవుడ్‌కి తగలనివ్వలేదు. తర్వాత ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో రాశాను: ఇది క్యారమ్ అనే ఆట బోర్డు, వెనక ఉన్నది ఉర్దూ, 1988 నుంచి భార్యాభర్తలు ఇంట్లో ఆడిన ఆటల స్కోరు. కింద మొదటి మూడు వరుసల తర్జుమా. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాడిని, ఇన్నేళ్ళలో ఎన్నో తర్జుమాలు చేశాను. "నారాజ్" దగ్గర ఆగిపోయాను. కోపం అని రాస్తే ఎక్కువవుతుంది, అలక అంటే సరిపోతుంది గానీ ఇంగ్లిష్‌లో అలక లేదు. చివరికి ఆ రోజు ఆట జరగలేదు అని రాసి ఊరుకున్నాను. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అట్ట విప్పగానే కనపడేలా అతికించాను. ఆపాకి ఈ సంగతేదీ చెప్పలేదు.

సఫర్ రోజు ఫుప్పూ వచ్చి ఆపా జబ్బకి ఇమామ్ జామిన్ కట్టింది. ఇంకో గుడ్డలో రూపాయి బిళ్ళ చుట్టి బోర్డు బెల్టుకి కూడా కట్టింది. ఇది దీన్‌లో లేదు ఫుప్పూ అని పక్కింటి కుర్రాడు నసిగాడు. "దీన్‌లో క్యారమ్ ఉందా రా?" అని ఆమె ముడి బిగించింది.

మా మామునూరులో నిజాం జమానాలో, 1930లో కట్టిన విమానాశ్రయం ఉంది. విమానాలు ఆగిపోయి నలభై ఏళ్ళు దాటింది. మళ్ళీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకుంది. అది తెరిచేదాకా హనుమకొండ వాళ్ళకి విమాన సఫర్‌లో మొదటి నాలుగు గంటలూ రోడ్డు మీదే. మామూలు కారు డిక్కీలో బోర్డు పట్టదు. ఏడు సీట్ల బండి మాట్లాడి, వెనక సీట్లు మడిచి, పరుపు వేసి పడుకోబెట్టాం. భువనగిరి దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు ఆపా దిగి వెనక్కెళ్ళి తలుపు తీయించి చూసొచ్చింది. మేమెవరం ఏమీ అనలేదు.

వారం ముందే కంపెనీకి కొలతలు, బరువు, ఫోటో మెయిల్ చేసి, తీసుకుంటామని వాళ్ళిచ్చిన జవాబు ప్రింటు తీసి పెట్టుకున్నాను. అలా రాతపూర్వకంగా జవాబు చేతిలో లేకుండా ఇలాంటి సామానుతో శంషాబాద్ వెళ్ళకండి, ఇదొక్కటి మాత్రం అందరికీ చెప్తున్నా. కౌంటర్‌లో అమ్మాయి జాబితా చూసింది, లేదంది. ప్రింటు చూపించాను. పైఅధికారిని పిలిచింది. ఆయన వచ్చి, ఏంటిది, టేబులా అన్నాడు. క్యారమ్ బోర్డు అనగానే ముఖం మారిపోయింది. "హాస్టల్లో మాదీ ఇదే పని సార్" అని, ఆటసామాను కింద రాయమన్నాడు. పెద్ద సైజుకి కట్టిన ఫీజుతో కొత్త బోర్డులు రెండు వచ్చేవి. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాను, ఆపాకి అంకె చెప్పలేదు.

తర్వాత ఒక ట్యాగు ఇచ్చి సంతకం పెట్టమన్నారు. పగిలే సామానుకి ఇచ్చేది అది. కట్టుడు సరిగా లేక పాడైతే మా బాధ్యత కాదు అని దాని సారాంశం. చాలామంది చదవకుండా పెట్టేస్తారు. విమాన సామాను మీద 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది, మన దేశంలో 2009 నుంచి అమల్లో ఉంది. సామాను పోయినా పాడైనా ఒక మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌ల దాకా, అంటే రెండు వేల డాలర్లకి కాస్త పైన, కంపెనీ బాధ్యత. 2024 డిసెంబర్ 28 నుంచి ఈ అంకె. పాడైన సామాను చేతికొచ్చిన ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, ఎనిమిదో రోజు పోతే హక్కు పోయినట్టే. అందుకే ట్యాగు మీద ఏ గడికి టిక్కు పెడుతున్నారో చూసుకోవాలి. పేకింగ్ సరిపోదు అన్న గడి మీదికి పెన్ను పోతుంటే ఆపించి, కట్టుడు ఫోటోలన్నీ వరుసగా చూపించాను. ఆ గడి వదిలేశారు. ఆపా ఉర్దూలో దస్తఖత్ చేసింది.

పెద్ద సైజు సామాను మామూలు బెల్టు మీద పోదు. పక్కన వెడల్పాటి ఎక్స్‌రే దగ్గరికి మనమే తీసుకెళ్ళాలి. మా ముందు ఇద్దరు విదేశీయుల సైకిళ్ళున్నాయి. బోర్డు లోపలికి పోతుంటే ఆపా పెదవులు కదులుతున్నాయి, ఏ ఆయతు చదివిందో అడగలేదు. మోకాళ్ళ నొప్పులకి వీల్‌చైర్ రాయించాం. అది నిజానికి భాష తెలియని తల్లిదండ్రుల కోసం పిల్లలు కనిపెట్టిన ఉపాయం, నెట్టే మనిషి దారి చూపిస్తాడు. వీల్‌చైర్ మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూసింది. మమ్మల్ని కాదు, ఎక్స్‌రేని.

పోటీలకి తిరిగే క్యారమ్ ఆటగాళ్ళకి ఈ తిప్పలేవీ లేవు. బోర్డులు ఆతిథ్యమిచ్చేవాళ్ళే పెడతారు, ఎవరి స్ట్రైకరు వాళ్ళు తెచ్చుకుంటారు, 15 గ్రాములకి మించకూడదు. చెన్నైలో ఆటో నడిపే ఆయన బిడ్డ కాజిమా 2024లో అమెరికా వెళ్ళి ప్రపంచ పోటీల్లో మూడు బంగారు పతకాలు గెలుచుకొచ్చింది. ఆ వార్త చూసినప్పుడు దూల్హాభాయ్ బతికే ఉన్నాడు. పేపరు ఆపా ముందు పెట్టి, నీకు ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే అన్నాడు. ఆపా పేపరు తీసి పక్కన పెట్టి, చాయ్ చల్లారిపోతోంది అంది.

షికాగోలో బోర్డు మిగతా సామాన్లతో రాలేదు. అరగంట సేపు ఆపా, వీల్‌చైర్ అబ్బాయి బెల్టు దగ్గరే ఉన్నారు. పెద్ద సామాన్లు వేరే తలుపులోంచి వస్తాయని తెలిసి అక్కడికెళ్తే, గోడకి ఆనించి నిలబెట్టి ఉందట. అట్ట ఒక మూల నలిగింది. బెల్టులు మేం కట్టిన తీరులో లేవు, ఎవరో విప్పి మళ్ళీ కట్టారు. ఎక్కడ విప్పారో తెలియదు. కస్టమ్స్ దగ్గర ఒకరు ఏంటని అడిగితే ఆపా చూపుడువేలిని బొటనవేలితో బిగించి గాల్లో స్ట్రైకరు కొట్టి చూపించిందట. వెళ్ళమన్నారట.

ఇంటికెళ్ళి విప్పుతుంటే వీడియో కాల్ చేశారు. నలిగిన మూల దగ్గర థర్మకోల్ పొడి పొడి అయిపోయింది, లోపల ఫ్రేముకి గీత కూడా లేదు. భాంజా బోర్డు వెనక్కి తిప్పి ఫోను దగ్గరగా పెట్టాడు. పెన్సిల్ అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాడు వాటిని చదవలేడు, ఇంగ్లిష్ మీడియం. ఆపాని అడిగి ఒక్కో వరుసా చదివించుకుంటున్నాడు. ఇంగ్లిష్ కాగితం కవర్లో లేదు. విప్పినవాళ్ళు తీసుకున్నారో, జారిపోయిందో.

ఇప్పుడు రోజూ రాత్రి పోతాతో ఆడుతోంది. బోరిక్ పౌడర్ అక్కడే దొరికింది. అట్టలు, స్పాంజి గొట్టం, బెల్టులు చెత్తలో వేయబోతే ఆపా వేయనివ్వలేదట. అన్నీ మడిచి మంచం కింద పెట్టించింది. భాంజా ఆమె అక్కడే ఉండిపోతుందని అనుకుంటున్నాడు. రిటర్న్ టికెట్ అక్టోబర్‌లో ఉంది.